వీరాస్వామయ్యగారి మహానంది మజిలీ

కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును సమానమని మన పెద్దలు చెప్పుకొనెడివారు. ఆ మాటలో భయము ఒక పాలు, నిజము మూడు పాళ్లు. రైలు లేదు, చక్కని బాట లేదు, ఏరు పొంగినచో పుట్టియో తెప్పయో దిక్కు, అడవిలో దొంగలు, ఊరిలో విశూచి. ఇల్లు విడిచినవాడు తిరిగి వచ్చునన్న నమ్మకము లేక, ఇచ్చిపుచ్చుకొను లెక్కలు తీర్చుకొని, పిల్లలను బంధువులకు అప్పగించి మరి బయలుదేరెడివాడు. అట్లు బయలుదేరిన వేలకొలది తెలుగువారిలో దారిని పోయినవారు పోగా, తిరిగి వచ్చినవారు గంగచెంబులు తెచ్చిరి, సంతర్పణలు చేసిరి, అరుగులమీద కూర్చుండి కథలు చెప్పిరి. తాము చూచినదానిని ఏనాటికానాడు కాగితముపై పెట్టినవారెవరని వెదకితిమా, మనకు మొట్టమొదట తగులు పేరు ఏనుగుల వీరాస్వామయ్యగారిది.

వారు 1830వ సంవత్సరము మే నెల 18వ తేదీన చెన్నపట్టణము విడిచి, 1831వ సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీన మరల చెన్నపట్టణము చేరిరి. నడుమ పదునైదు నెలలకు పైబడిన కాలము. వెంట సుమారు నూరుగురు జనము. తిరుపతి, కడప, అహోబలము, మహానంది, శ్రీశైలము, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు, ప్రయాగ, కాశి, గయ, కలకత్తా. అక్కడనుండి జగన్నాథము మీదుగా తూర్పుతీరమున దిగి గంజాము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, బందరు, నెల్లూరు. ఈ పేర్లను ఒక్క ఊపిరిని చదివినను అలసట కలుగును. వారు పల్లకిలో, డేరాలలో, పడవలలో ఈ దూరమునంతయు గడచిరి. దారి పొడుగునను దినచర్య వ్రాసి, చెన్నపట్టణమునందున్న తమ మిత్రులు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి పంపుచు వచ్చిరి. వీరాస్వామయ్యగారు 1836లో గతించిన పిమ్మట పిళ్ళగారు ఆ వ్రాతలను కూర్చి 1838లో అచ్చొత్తించిరి. అదియే కాశీయాత్రచరిత్ర. 1869లో రెండవ కూర్పు వచ్చెను. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు దానిని పరిష్కరించి మూడవమారు వెలువరింపకపోయినచో మనలో చాలమందికి ఈ గ్రంథము పేరు సయితము తెలిసియుండెడిది కాదు.

యాత్రను గూర్చి మనలో రెండు మాటలు వినబడుచుండును. పూర్వాచారపరులు పుణ్యమందురు. నవీనులు విశ్రాంతియందురు, గాలి మార్పనియు, మనస్సు తేటపడుననియు చెప్పుదురు. ఈ రెండు మాటలలోను ఒక లోపము కలదు. పుణ్యమనునది చోటునందే యున్నచో, పోయినవాని చూపుతో పని లేదు. విశ్రాంతి యనునది ఇల్లు మరచుటయే యైనచో, తిరిగి వచ్చినంతనే ఇల్లు మరల ఎప్పటి ఇల్లే. కొత్తచోటికి పోయినందున మన బ్రదుకును మనము వేరు కన్నుతో చూడగలుగుట నిజముగ జరుగునా, జరిగినచో దేనివలన జరుగును అనునది వేరు ప్రశ్న. దానికి వీరాస్వామయ్యగారి పుస్తకమునకు మించిన సాక్ష్యము మన భాషలో మాకు కనబడలేదు. అందులోను రాయలసీమ నడిమి పుటలకు మించినది లేదు.

వీరాస్వామయ్యగారి ఉద్యోగమును మొదట గుర్తుంచుకొనవలెను. వారు చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో హెడ్డు ఇంటర్ప్రిటరు; అనగా ప్రధాన దుబాసీ. ఆ కోర్టు 1801లో ఏర్పడినది. తెలుగువాడు చెప్పినది, అరవవాడు చెప్పినది ఇంగ్లీషు జడ్జీకి తెలియజెప్పుట, జడ్జీ మాట వీరికి తెలియజెప్పుట ఆ పని. దానిలో తన అభిప్రాయమునకు చోటు లేదు. సాక్షి చెప్పిన మాట తనకు నచ్చినను నచ్చకున్నను తూచినట్లు అప్పగింపవలెను. ఇరువదియేండ్లు ముప్పదియేండ్లు ఇట్టి పని చేసినవాడు తన భాషను, తన ఇంటి ఆచారమును గూడ కొంత దూరమున నిలిచి చూడ నేర్చుట వింత గాదు. తీర్థయాత్రకు పోవువారందరును దేవుని చూచి వచ్చిరి. ఈ దుబాసీ మాత్రము దారిని గూడ చూచి వచ్చెను.

రెండవ సంగతి, ఉత్తరము. దారి ఎరిగినవానికి వ్రాయు ఉత్తరమున విశేషములు చాలును. ఇంట కూర్చున్నవానికి, ఆ ప్రాంతమును ఎన్నడు చూడనివానికి వ్రాయునప్పుడు నీరెట్లున్నది, బియ్యము దొరకునా, వంటచెరకు ఏమి వెల, దిగుటకు చావడి కలదా, బాట ఇసుకయా రాయియా అను సంగతులు సర్వమును చెప్పవలసి వచ్చును. శ్రీనివాసపిళ్ళగారు సామాన్యులు గారు. తరువాతికాలమున పచ్చయప్పగారి ధర్మనిధి నిర్వాహకులలో ముఖ్యులై చెన్నపట్టణపు విద్యాభివృద్ధికి పాటుపడినవారు. అట్టి చదువరి కనుల ముందుండుటచే వీరాస్వామయ్యగారి కలము స్తోత్రములవైపు పోక మజిలీల లెక్కలవైపు పోయినది. ఫ్రాన్సు దేశపు మొంటేను పండితుడు 1580, 1581 సంవత్సరములలో ఇటలీదాక పోయి వ్రాసికొన్న దినచర్యయు ఇట్టిదే. తిన్న తిండి, పడుకొన్న పడక, సత్రపుయజమానుని నడవడి అందు నిండియుండును. అది 1774 వరకు అచ్చు కాలేదు. లోకము మెచ్చవలెనని కాక తెలిసికొనుటకై వ్రాసినవి యగుటచే కాబోలు, ఇట్టి పుస్తకములు పాతబడవు.

ఇక దారి. తిరుపతి దాటి బాలపల్లె కనుమలో పడి, కోడూరు, నందలూరు, ఒంటిమిట్ట మీదుగా కడప చేరినచో చెన్నపట్టణపువాడు మరియొక లోకమున అడుగుపెట్టినట్లే. అప్పటికి ఈ సీమకు రాయలసీమయను పేరు లేదు. ఆ పేరు 1928లో నంద్యాలలో జరిగిన సభనాటినుండి స్థిరపడినది. నాటి వాడుకలో ఇవి దత్తమండలములు. 1800లో నైజాము ప్రభువు ఈ మండలములను కుంఫిణీకి దత్తము చేసెను గనుక ఆ పేరు. 1800 మొదలు 1807 వరకు మన్రోదొర ఇచ్చట కలెక్టరుగ నుండి రైతువారీ పద్ధతిని నిలిపెను; 1827లో గవర్నరుగా ఈ సీమకే మరల వచ్చి పత్తికొండలో విశూచి తగిలి మరణించెను. వీరాస్వామయ్యగారు ఆ దారి పట్టునాటికి ఆ సంగతి జరిగి మూడేండ్లు. కడపలోనే కొలదికాలము ముందు బ్రౌనుదొర పండితులను చేరదీసి తెలుగు తాళపత్రములకు ప్రతులు వ్రాయించుచుండెను. వేమన పద్యములను మన విద్వాంసులు కావ్యముల వరుసలో కూర్చుండబెట్టని దినములలో ఆ పరదేశి వానిని ఏరి 1829లో ఇంగ్లీషు అనువాదముతో అచ్చొత్తించెను. వేమన ఈ సీమవాడు. ఇంటిలోని వస్తువును చూచుటకు ఇంటికి క్రొత్తవాడు రావలసివచ్చిన సందర్భములలో ఇది యొకటి.

కడప విడిచి దువ్వూరు వైపుగా ఉత్తరమునకు పోయి అహోబలము సేవించి, నల్లమల కొండల పడమటి అంచు పట్టుకొని నడచినచో మహానంది తగులును. అది నేడు నంద్యాల జిల్లాలోనిది; 2022 ఏప్రిలు వరకు కర్నూలు జిల్లాలోనిది. నంద్యాల పట్టణమునకు తూర్పుగా 15 కిలోమీటర్లకు అటు నిటుగా నుండును. పడమట కుందూనది లోయ; నల్లరేగడి నేల. తూర్పున నల్లమల అడవి. వేసవిలో ఆ లోయను దాటి వచ్చినవానికి మొదట కానవచ్చునది గోపురము కాదు, పచ్చదనము. అరటితోటలు. మహానంది అరటిపండు పేరు విననివారు ఈ ప్రాంతమున నుండరు. ఆ తోటలను పెంచునది గుడిలోనుండి పారివచ్చు నీరు.

మహానందీశ్వరుని లింగము అడుగున ఊట పుట్టి, గర్భగుడినుండి సాగి, ఎదుటి కోనేటిలో గోముఖము గుండ పడును. దానికి రుద్రగుండమని పేరు. గోపురము వెలుపల బ్రహ్మగుండము, విష్ణుగుండము కలవు. కోనేటిలో సుమారు అయిదడుగుల నీరు నిలిచియుండును. అడుగున పడిన కాసు పైనుండి స్పష్టముగ కనబడును. వచ్చిన నీరు వచ్చినట్లు కాలువలలో వెలికి పోవును గనుక మట్టము హెచ్చదు, తగ్గదు. గుడి విమానము చూడదగినది. మన దక్షిణదేశపు మెట్లమెట్ల విమానముగాక, ఉత్తరదేశపు పద్ధతిని కొన వంగిన శిఖరము. బాదామి చాళుక్యుల నాటి పోకడ. ఉత్తరాదిని ఎన్నడు చూడని రాయలసీమ రైతు వేయేండ్లకు పైగా ఆ శిఖరమునకు మ్రొక్కుచు అది మన గుడియే యనుకొనుచున్నాడు. అది మన గుడియే.

ఆ నీటి విషయమున జనులు ఒక వింత చెప్పుదురు. వేసవిలో చల్లగాను, చలికాలమున వెచ్చగాను ఉండుననియు, అది స్వామి మహిమయనియు అందురు. నీటిలో దిగి చూచినవారికి ఆ మాట నిజముగనే తోచును. కాని నీరు మారుట లేదు. కొండపై కురిసిన వాన రాతి పగుళ్లలో ఇంకి, లోతున చాలకాలము నిలిచి, అడుగున దారి దొరకినచోట వెలువడును. అంత లోతునకు మన ఎండయు మన చలియు అంతగా సోకవు. కావున ఊటనీరు ఏడాది పొడుగునను ఇంచుమించు ఒకే వేడిమి కలిగియుండును. మారినది దిగినవాని ఒడలు. వైశాఖపు టెండలో కాగివచ్చినవానికి అదే నీరు మంచువలె నుండును; మాఘమున వణకుచు వచ్చినవానికి గోరువెచ్చగ నుండును. ఈ సంగతి విన్నంతమాత్రమున భక్తి తరుగునని మాకు తోచదు. తన యొంటిని కొలబద్దగ పెట్టుకొని నీటిని కొలుచుట మనుష్యునికి ఎంత సహజమో తెలియుటకు ఆ కోనేరు చాలును.

ఇట్టి మహానందికి వీరాస్వామయ్యగారు 1830 వేసవి తుదిని వచ్చిరి. వారు దానిని గొప్ప క్షేత్రమని వ్రాసిరి. కాని అంతటితో నిలువలేదు. గుడి చుట్టును అడవియే యని వ్రాసిరి. గుడి దగ్గర ఊరు లేదని వ్రాసిరి. బసవాపురమను పల్లెనుండి అర్చకుడు ప్రతిదినమును వచ్చి పూజచేసి పోవుననియు, యాత్రికులవద్ద తలకొక డబ్బు పుచ్చుకొనుననియు వ్రాసిరి. అచ్చట నిలిచియున్న బైరాగులకు కందనూరు నవాబు కొంత జీతమిచ్చి ఉంచెననియు వ్రాసిరి.

ఈ నాలుగు సంగతులను మేము పలుమారులు తలచుకొంటిమి. స్థలపురాణములో ఈ నాలుగింటిలో ఒక్కటియు ఉండదు. అందు నందరాజు ఉండును, ఆవు ఉండును, పుట్టపై పాలు కురియుట ఉండును, ఆవు గిట్ట గుర్తు ఉండును. కథ చక్కనిదే; పిల్లలకు చెప్పదగినదే. కాని అడవిలో రోజు రోజు నడచివచ్చి ఒక డబ్బు పుచ్చుకొని పోవు అర్చకుని ఆ పురాణము ఎరుగదు. తురక ప్రభువు జీతము తిని శివుని గుడికడ కూర్చున్న బైరాగిని అసలే ఎరుగదు. ఆ బైరాగిని చూచినప్పుడు చెన్నపట్టణపు చదువరికి కొంత చిక్కు కలుగవలెను. నవాబులు గుళ్లను దోచిరని వినియున్నవాడు, అదే నవాబు బైరాగులకు భరణమిచ్చుట చూచును. రెండును నిజములే. ఊరిలో కూర్చుండి విన్నవాడు ఒక నిజమును మాత్రము పట్టుకొని జన్మమంతయు గడపవచ్చును. కాలినడకను వచ్చినవానికి రెండవది ఎదురుపడక తప్పదు.

నవాబు సంగతి కొంచెము విప్పి చెప్పవలెను. నంద్యాల, మహానంది ప్రాంతము ఆ కాలమున కుంఫిణీ పాలనలోనిది గాదు. కందనూరు, అనగా కర్నూలు, నవాబు ఏలుబడిలోనిది. చివరి నవాబు గులాము రసూలుఖాను. 1839లో ఆయుధములు కూడబెట్టెనన్న నేరముపై కుంఫిణీవారు ఆయనను తొలగించి ఆ సీమను తాము కలుపుకొనిరి. కర్నూలు జిల్లా 1858లో ఏర్పడినది. వీరాస్వామయ్యగారు చూచినది ఆ ప్రభుత్వపు చివరి దశాబ్దము. మహానందికి ఉత్తరమున ఆత్మకూరు చేరి, నాగలూటి, పెద్దచెరువు దారిని శ్రీశైలము ఎక్కునప్పుడు వారు చెంచువాండ్ర నడుమనుండి పోయిరి. అక్కడ నవాబు మనుష్యులు యాత్రికులవద్ద మనిషికింతయని, సేవకింతయని రుసుములు పుచ్చుకొనుటయు, అంత ధనము గుంజియు గుడికి సున్నమైన కొట్టింపక పాడుపెట్టుటయు చూచి మనస్తాపముతో వ్రాసిరి. అహోబలమునందును ఇదే తీరు.

కుంఫిణీ కోర్టు నౌకరి యగుటచే వారు నవాబును తప్పుపట్టిరందమా? అట్లనుట న్యాయము గాదు. దారిలో వనపర్తి, కొల్లాపురము జమీందారులు ఒకరి పల్లెలనొకరు కొల్లగొట్టుకొనుట చూచి వ్రాసిన కలమే కుంఫిణీ సీమలోని మంచిచెడ్డలను గూడ వ్రాసినది. అయినను ఒక్క విషయము చదువరి తనంతట జ్ఞాపకము చేసికొనవలెను. దేవుని సొమ్మునకు చేయి చాచుటలో కుంఫిణీవారు నవాబునకు తీసిపోలేదు. తిరుపతి కొండ ఆదాయము 1843 వరకు వారి కచేరీ చేతిలోనిదే. ప్రయాగయందును, గయయందును, జగన్నాథమునందును యాత్రికులపై వేసిన పన్నులు 1840 ప్రాంతమున గాని తొలగలేదు. వీరాస్వామయ్యగారు ఈ అన్ని చోట్లను ఒకే యాత్రలో త్రొక్కిరి. శ్రీశైలపు నవాబు ఠాణాను, ప్రయాగయందలి కుంఫిణీ పన్నును ప్రక్కప్రక్కన పెట్టి చూచుటకు వీలు మనకు కలిగినది వారి నడకవలననే.

హైదరాబాదు మొదలు కాశిదాకను గల పుటలను ఇచ్చట త్వరగా దాటుదుము. అవి చదువదగనివి యని కాదు. అక్కడికి పోవునప్పటికి వీరాస్వామయ్యగారి కన్ను పదును దేరియున్నది, ప్రతిపుటయు ఒక వ్యాసమడుగును. వారు కాశీవైపు పోవుచున్న అదే సంవత్సరము నవంబరులో రాజా రామమోహనరాయలు ఇంగ్లండునకు ఓడ యెక్కెను. అంతకు సంవత్సరము ముందే, 1829 డిసెంబరులో, వంగదేశమున సహగమనము నిషేధింపబడెను. ఒకరు నిషిద్ధమైన సముద్రము మీదను, ఒకరు విహితమైన తీర్థమార్గమునను పోయిరి. మన సంస్కరణచరిత్రకారులు మొదటి ప్రయాణమునే లెక్కించిరి. రెండవదియు తన పని తాను చేసినది. శ్రోత్రియమైన ఇంట పుట్టిన దక్షిణాది బ్రాహ్మణుడు వంగదేశమునకు పోయినచో అచ్చటి బ్రాహ్మణులు చేపలు తినుట చూచును. వారికి వేదము లేదా? కలదు. సంధ్యయో? కలదు. జగన్నాథమునకు వచ్చినచో అన్నప్రసాదమునకు అంటులేదు. ఇంట నీళ్లచెంబు తాకనీయనివాడు అక్కడ ఒకే ఆకున చేయిపెట్టును. ఇది శాస్త్రము, ఇది సనాతనము అని తాను తలచుకొన్నది కావేరికిని కృష్ణకును నడుమ మాత్రమే చెల్లు నాణెమని అప్పుడు తెలియును. ఎవరును ఉపన్యాసమియ్యలేదు, ఎవరును వాదింపలేదు. తిరిగి వచ్చి వారు తమ ఆచారమును విడువలేదు. విడువవలసిన పనియు లేదు. కాని అన్యమతములవారును ఆ యీశ్వరునే వేరు దారులలో వెదకుచున్నారను భావము ఆ పుస్తకమున పలుచోట్ల కనబడును. 1830లో అది ఒక కోర్టు ఉద్యోగి కాశీయాత్రలో దొరకుట చిన్న విషయము గాదు.

ఆరేండ్ల ముందు, 1824, 1825 సంవత్సరములలో, కలకత్తా బిషప్పు హీబరుగారు ఉత్తరదేశమెల్ల తిరిగి వ్రాసిన గ్రంథము 1828లో వెలువడి సీమలో మిక్కిలి ప్రఖ్యాతి గాంచెను. అదియు మంచి పుస్తకమే; దయగల మనుష్యుడు వ్రాసినది. కాని బిషప్పుగారికి ఈ దేశమంతయు ఒకే విధముగ క్రొత్త. ఏది ఎక్కడ మారుచున్నదో వారికి తెలియుట కష్టము. వీరాస్వామయ్యగారికి అట్లు గాదు. ప్రతి మజిలీయు తన ఇంటికి కొంచెము దూరము, కొంచెము దగ్గర. బియ్యము అదే, వండు తీరు వేరు; దేవుడు అతడే, అర్చన వేరు; తెలుగు అదే, ఉచ్చారణ వేరు. క్రొత్తదనము ఒక్కసారిగ మీదపడక చినుకు చినుకుగ తడుపుటచేతనే మార్పు జరిగినది. మహానంది ఆ తొలిచినుకులలోనిది. అది అన్యదేశము గాదు. తెలుగు మాటాడు చోటే, శివుడున్న చోటే. అయినను అక్కడ గుడి కలదు, ఊరు లేదు. చెన్నపట్టణమున గుడి ఊరి నడుమ నుండును, దాని చుట్టును మాడవీధులు, అంగళ్లు, మేళగాండ్రు, ధర్మకర్తల తగవులు. గుడియనగా ఇవన్నియు కలిసినదే యనుకొన్నవాడు, ఒక అర్చకుడును, ఒక ఊటయు, నాలుగువైపుల అడవియు ఉన్న గుడిని చూచినప్పుడు తాను గుడియనుకొన్నదానిలో గుడి ఎంతయో లెక్క వేసికొనక తప్పదు.

పుస్తకపు భాషయు ప్రయాణము వంటిదే. చెన్నపట్టణపు వ్యవహారభాష, అందులో అరవము, హిందూస్థానీ, కచేరీ ఇంగ్లీషు. మజిలీలు, ముసాఫరులు, బస్తీలు. గిడుగు రామమూర్తిపంతులుగారు వాడుకభాషకై పోరాటమారంభించుటకు మూడు పాతికల యేండ్లు ముందుగనే ఇట్టి వచనము తెలుగున పుట్టినది. ఈ గ్రాంథికమున వ్రాయుచున్న మేము ఆ మాటను పొగడుట కొందరికి నవ్వు తెప్పించునేమో, తెప్పింపనిండు.

ఇంతగ కొనియాడిన పిమ్మట ఆ పుస్తకమున లేనిదానిని గూడ చెప్పవలెను. నూరుగురు కదలిరి, ఒక్కరు వ్రాసిరి. పల్లకి మోసిన బోయీల ప్రస్తావన మజిలీ మజిలీకిని కలదు. వారి కూలి, వారి ఓర్పు, కొండయెక్కుటలో వారి కష్టము వీరాస్వామయ్యగారు గమనింపకపోలేదు. కాని ఆ దారి భుజముపై బరువుతో నడచినవానికి ఎట్లుండెనో, మహానంది కోనేటిలో వారిని దిగనిచ్చిరో లేదో, పదునైదు నెలల పిమ్మట ఇంటికి పోయి వారు తమ పిల్లలకు ఏమి చెప్పిరో మనకు దొరకదు. వారును కాశి చూచిరి. వారి చూపు అచ్చుకాలేదు. కుటుంబపు ఆడవారి సంగతియు అంతే. మేనాల తెరల వెనుక వారును అదే కృష్ణను దాటిరి, అదే గంగలో మునిగిరి. వారు ఏమి తలచిరో ఒక్క వాక్యమైన వారి నోట మనకు చేరలేదు.

ఇచ్చట మా సంస్కరణవాదులతో మాకొక చిన్న తగవు కలదు. మనము తీర్థయాత్రలను గేలిచేయుటలో చాల కాగితము ఖర్చుపెట్టితిమి. పండాల దోపిడి, వ్యయము, వ్యాధులు, మూఢనమ్మకములు. చెప్పినవన్నియు నిజములే. కాని మన ఇండ్లలోని ముసలమ్మలకు వాకిలి దాటుటకు సంఘము ఇచ్చిన సెలవుచీటి అది యొక్కటే యని తలపము. పురుషునికి కచేరీ కలదు, సంత కలదు, వ్యాజ్యము కలదు. ఆమెకు పుట్టిల్లు, పురుడు, తీర్థము. మహానంది శివరాత్రికి బండి కట్టించుకొని వచ్చిన కుందూలోయ రైతుటిల్లాలు మూడు దినములు పొయ్యి ముందర కూర్చుండలేదు. కూర్చుండినను మూడు రాళ్లపై, ఆరుబయట, పరాయి ఊరి ఆడవారి ప్రక్కన. ఆ ప్రక్కపొయ్యి మాటలలో ఎన్ని మందులు, ఎన్ని పెండ్లిసంబంధములు, ఎన్ని కోడండ్రికపు గోడులు చేతులు మారినవో! తన అత్తగారి ఇంటి కట్టడి లోకమంతటి కట్టడి గాదని ఆమెకు తెలిసిన చోటు అదే. దానిని మూఢభక్తియని కొట్టివేసి, మారుగ ఆమెకు మనము చూపిన దారి యేది?

కొందరు దారి తామే చూచుకొనిరి. పోతం జానకమ్మగారు సీమకు పోయివచ్చి తెలుగున వ్రాసికొన్న అనుభవములు 1876లో చెన్నపట్టణమున ఇంగ్లీషు అనువాదముగ వెలువడినవి. వీరాస్వామయ్యగారి పుస్తకమునకు అది నలుబది యేండ్లలోపున వచ్చిన సమాధానము. అందు తెరవెనుక మేనా లేదు. పొగయోడపై నిలుచున్న తెలుగుస్త్రీ కలదు. తరువాత భండారు అచ్చమాంబగారు, మధ్యపరగణాలలో కాపురముండిన ఆమె, ఆంధ్రదేశమున ఊరూరికి పోయి స్త్రీసమాజములను గూర్చి చెప్పెను; 1902లో బందరున బృందావన స్త్రీసమాజము వెలసినది. ఒక ఊరి స్త్రీలు మరియొక ఊరి స్త్రీని చూచుటయే వేయి గ్రంథములకు సాటియని ఆమె ఎరిగినది. ముప్పదియొకటవ ఏట, 1905లో, ఆమె పోయినది. ఆమె తిరిగిన దారులను గూర్చి ఒక దినచర్య యున్నచో దానిని మేము కాశీయాత్రచరిత్ర ప్రక్కనే పెట్టుకొనియుందుము.

నేడు మహానందికి పోవుట కష్టము గాదు. నంద్యాల, గిద్దలూరు నడుమ గాజులపల్లె రైలుస్టేషను దగ్గరలోనే కలదు. నంద్యాలనుండి బస్సులు నిండుగ పోవుచుండును. గుడి చుట్టును ఇప్పుడు ఊరు కలదు, సత్రములు కలవు, అంగళ్లు కలవు. కుందూలోయకు 1860 తరువాత తవ్విన కర్నూలు కడప కాలువ వచ్చినది. నాడు వీరాస్వామయ్యగారు చూచిన ఎండుసీమలో కొంత భాగము పచ్చబడినది. ఒక్కదినమున నవనందులను చుట్టి రాత్రికి ఇల్లు చేరవచ్చును. కారు దిగి, కోనేరు చూచి, ఫోనులో బొమ్మ తీసికొని, మరల కారెక్కువారిని నిందించుట మా ఉద్దేశము గాదు. కూలినాలి చేసికొనువారికి దొరకు సెలవు ఒక్కదినమే కావచ్చును. కాని వారును బియ్యము వెల అడుగరు, నీరెక్కడనుండి వచ్చుచున్నదో అడుగరు, పూజచేయువాడు ఏ ఊరినుండి వచ్చుచున్నాడో అడుగరు. ఆ మూడు ప్రశ్నలకును రుసుము లేదు.

కావున ఈ శివరాత్రికి మహానందికి పోదలచిన గృహస్థులకు మా మనవి: కాశీయాత్రచరిత్రలో కడప మొదలు శ్రీశైలము వరకు గల పుటలను ముందుగ ఇంట నలుగురును వినునట్లు బిగ్గరగ చదువుకొనుడు. గుడికడ స్నానము, దర్శనము అయిన పిమ్మట, పిల్లలను వెంటబెట్టుకొని, కోనేటినుండి వెలువడిన కాలువ గట్టున నడచి అరటితోటల దాక పొండు. ఆ నీటిని ఎవరి తోటకు ఎన్నిగడియలు పారింతురో అక్కడి రైతునడుగుడు. ఇంటి ఆడవారిలో వ్రాత తెలిసినవారొకరు ఆ సంగతి యొక చిన్న పుస్తకమున వ్రాసికొనిన, ఇంటికడ నిలిచిపోయినవారికి చదివి వినిపింపవచ్చును.